ఉచితంగా వచ్చిన ష్రింక్ ఫిల్ము: రంగు అద్భుతం, రెక్క కొస దగ్గర నరకం | ఆర్‌సీ విమానాల కవరింగ్ రివ్యూ

నమస్కారం. ముందుగా ఇచ్చిపుచ్చుకోవడాల లెక్క తేల్చేద్దాం. బల్ల మీద కనిపిస్తున్న ఈ మూడు ఫిల్ము రోళ్ళు నేను కొన్నవి కావు. ఆర్‌సీ అంటే రిమోట్‌తో ఎగరేసే చిన్న విమానాల చెక్క చట్రం మీద వేడితో అంటించి బిగించే ప్లాస్టిక్ పొర ఇది. పారదర్శకమైన ఎరుపు ఒకటి, తెలుపు ఒకటి, ముదురు నీలం ఒకటి. విదేశాల నుంచి హాబీ సామాను తెప్పించే ఒక దుకాణం వారు ఉచితంగా పంపించారు. సరుకు ఇంకా అమ్మకానికి రాలేదు, దానికో పేరు కూడా పెట్టలేదు. తెల్ల అట్టపెట్టెలో వచ్చింది. నాకు డబ్బేమీ ఇవ్వలేదు. వీడియో పెట్టే ముందు ఒకసారి తమకు చూపించమన్నారు, కుదరదన్నాను. అయినా పంపించారు. ఆ పెద్దమనసుకు గౌరవంగా మంచి మాటలు ముందు చెబుతాను. తిట్లు తరువాత ఎలాగూ ఉన్నాయి.

రోలు పొడవు, వెడల్పు, బరువు, రంగుల పట్టిక అన్నీ కింద వివరణలో ఉన్నాయి. వాటిని చదివి వినిపించడానికి మిమ్మల్ని కూర్చోబెట్టను. అందరూ ఇచ్చే కొలతలే వీళ్ళూ ఇచ్చారు.

ఈ ఎరుపు చూడండి. కెమెరాకు దగ్గరగా తెస్తున్నాను. రోలు మీద ఉన్నప్పుడు ముదురుగా, కాస్త నల్లగా కనిపిస్తుంది. ఒక్క పొర కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే అసలు రంగు బయటపడుతుంది. ఇదిగో, ఇది నేను ఈ ఫిల్ముతో కప్పిన రెక్క. వెలుతురుకు అడ్డంగా పెడుతున్నాను. రెక్కకు ఆకారమిచ్చే అడ్డ పలకలు అంటే రిబ్బులు, వాటిని కలుపుతూ పోయే స్పార్ అనే పొడవాటి దూలం, ఐలరాన్‌ను అంటే రెక్క వెనక కదిలే పలకను తిప్పే సర్వో మోటారుకు వెళ్ళే తీగ, అన్నీ లోపలి నుంచి కనిపిస్తున్నాయా? ఇంత ఓపికగా రెక్క కట్టుకున్నవాడికి ఆ కట్టుబడి నలుగురి కంటా పడాలనే ఉంటుంది. తెల్ల ఫిల్ము వేసి ఆ పనంతా మూసేయడం నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు. పైగా పారదర్శకమైన ఫిల్ములో రంగు పొడి తక్కువ కాబట్టి సాధారణంగా బరువూ తక్కువే. ఒక హెచ్చరిక మాత్రం వినండి. మీ పెన్సిలు గీతలు, జిగురు చుక్కలు, అతుకు పెట్టిన రిబ్బు, అవి కూడా అంతే స్పష్టంగా కనిపిస్తాయి. మూడో రిబ్బు దగ్గర ఆ మరక ఏమిటని అడగకండి.

ఇంకో మంచి మాట. వెనక రక్షణ పొర హాయిగా ఊడి వస్తోంది. ఈ పని చేసినవాళ్ళకే దీని విలువ తెలుస్తుంది. చౌక ఫిల్ముల్లో మూలన గోటితో గీకీ గీకీ చివరికి ఫిల్మే చిరుగుతుంది. మూలకు ఇటొక చిన్న టేపు ముక్క, అటొక టేపు ముక్క అంటించి రెండూ విడదీసి లాగాలి. చూడండి, ఇలా. చప్పుడు లేకుండా వచ్చేసింది. లాగేటప్పుడు ఫిల్ముకు విద్యుదావేశం వచ్చి బల్ల మీదున్న బాల్సా పొడినంతా, అంటే మనం విమానం కట్టే తేలిక చెక్క పొడినంతా లాక్కుంటుంది, అది ఏ ఫిల్ముకైనా తప్పదు. అందుకే సాండింగు, అంటే చెక్కను గరుకు కాగితంతో రుద్దే పని ఒక గదిలో, కవరింగు ఇంకో గదిలో చేసుకోండి. ఒక్క పలుకు లోపల చిక్కినా విమానం ఉన్నంతకాలం మొటిమలా కనిపిస్తూనే ఉంటుంది.

మంచి మాటలు అయిపోయాయి. ఇక అసలు గొడవ.

ఈ ఫిల్ము పాలిస్టర్. తయారీలో దాన్ని సాగదీసి, సాగిన స్థితిలోనే బిగదీసి చల్లారుస్తారు. మళ్ళీ తగినంత వేడి తగిలితే పాత కొలతకు పోవాలని ముడుచుకుంటుంది. రెక్క మీద ముడతలన్నీ పోయి డప్పులా బిగిసేది అందుకే. వెనక పక్కన జిగురు పూత ఉంటుంది. అది కూడా వేడికే కరిగి చెక్కను పట్టుకుంటుంది. అంటే ఫిల్ము అంటించడానికి వాడే చిన్న ఇస్త్రీ పెట్టెలాంటి ఒకే ఐరన్‌తో మనం రెండు పనులు చేయించుకోవాలి. తక్కువ వేడికి అంటించాలి, ఎక్కువ వేడికి బిగించాలి. ఈ రెండు వేడుల మధ్య ఎంత ఎడం ఉంటే పనిచేసేవాడికి అంత సుఖం. ఫిల్ము మంచి చెడ్డలు చెప్పమంటే నేను ముందు చూసేది ఈ ఎడమే. మెరుపూ, రంగూ, ధరా ఆ తరువాతే.

ఇదే పనికి వాడే పేరున్న ఫిల్ము ఒరాకవర్ సంగతి తీసుకోండి. జర్మనీలో లైప్‌జిగ్ నగరం వాళ్ళది, అమెరికాలో అదే ఫిల్మును అల్ట్రాకోట్ అని అమ్ముతారు. దాని జిగురు 100 డిగ్రీలు దాటగానే పట్టుకోవడం మొదలుపెడుతుంది. గట్టిగా బిగియాలంటే 150 దరిదాపులకు వెళ్ళాలి. మధ్యలో బోలెడంత చోటు. అంచులన్నీ తాపీగా అంటించుకుని, తప్పు పడితే మెల్లగా లేపి మళ్ళీ అంటించి, అంతా కుదిరాక వేడి పెంచి బిగించవచ్చు. ఆ కంపెనీ వాళ్ళే ఒరాటెక్స్ అనే బట్టను మనుషులు కూర్చుని ఎగిరే తేలికపాటి విమానాలకు కూడా చేస్తారు. వేడితో బిగించే పని వాళ్ళకు కొట్టిన పిండి.

మోనోకోట్ ఇంకా పాతది. అమెరికాలో టాప్ ఫ్లైట్ వాళ్ళు 1960ల్లో తెచ్చారు. అంతకు ముందు పట్టు గుడ్డో పలుచని కాగితమో పరిచి, దాని మీద డోప్ అనే ఘాటైన వార్నిష్ పూత మీద పూత పూసేవాళ్ళు. ఇల్లంతా ఆ వాసనే. మోనోకోట్ వచ్చాక ఆ బాధ తప్పింది. దానికి కాస్త ఎక్కువ వేడి కావాలి, ఫిల్ము కూడా బిరుసు. అలవాటైన చేయి కావాలి. దానికి బదులుగా రెక్కకు గట్టిదనం తెచ్చిపెడుతుంది. ఆ బ్రాండును నడిపిన హాబికో కంపెనీ 2018లో దివాలా తీసినప్పుడు పాతతరం మోడలర్లు ఎంత బాధపడ్డారో చెప్పలేను. తరువాత ఆ బ్రాండ్లను హొరైజన్ హాబీ వాళ్ళు తీసుకున్నారు.

ఇప్పుడు మన తెల్ల అట్టపెట్టె ఫిల్ము దగ్గరికి రండి. నేను కొలిచినంత వరకు 120 డిగ్రీలకు దిగువన దీని జిగురు చెక్కను పట్టదు. పట్టినట్టే ఉంటుంది, గోరు పెడితే లేచి వస్తుంది. పోనీ అని 130కి తీసుకెళ్ళామా, ముడుచుకోవడం మొదలైపోతుంది. మధ్యలో ఉన్నది పది డిగ్రీలు. ఈ పది డిగ్రీల సందులో నేను వారమంతా కాపురం చేశాను.

పది డిగ్రీలు చాలవా, ఐరన్‌ను సరిగ్గా 125 దగ్గర పెట్టుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. అందుకే ఇది తెచ్చాను. మల్టీమీటరు, దానికి వేడి కొలిచే థర్మోకపుల్ తీగ. తీగ కొసను ఐరన్ అడుగు కింద, మడిచిన గుడ్డ మీద నొక్కి పట్టాను. అంకె చూస్తూ ఉండండి. 118. 121. 127. ఐరన్ మీది దీపం ఆరింది, కరెంటు తెగింది. అయినా పెరుగుతోంది. 134, 139. ఇప్పుడు దిగుతోంది. ఈ ఐరన్ లోపల ఉండేది రెండు లోహాలు కలిపి అతికిన పట్టీ. వేడెక్కితే వంగి కరెంటు తెంపుతుంది, చల్లారితే తిన్నబడి మళ్ళీ కలుపుతుంది. ఆ వంగడానికీ తిన్నబడడానికీ మధ్య ఇరవై డిగ్రీల పైగా ఊగుతుంది. మన దగ్గర దొరికే మామూలు కవరింగ్ ఐరన్లన్నీ దాదాపు ఇంతే. ఊగేది ఇరవై, ఫిల్ము ఇచ్చిన చోటు పది. లెక్క మీరే వేసుకోండి.

ఇక్కడ ఒక మాట. కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటరును ఐరన్‌కు గురిపెట్టి, పనిచేయడం లేదని కొందరు అడుగుతున్నారు. అది జ్వరం చూసేది బాబూ, దాని హద్దు అంతే. ఫ్యాక్టరీల్లో వాడే పరారుణ థర్మామీటరు అయినా మెరిసే లోహం మీద వేడిని తక్కువ చేసి చూపిస్తుంది. దాన్ని నమ్మి వేడి పెంచితే ఫిల్ముకు చిల్లు పడుతుంది. థర్మోకపుల్ తీగే దారి. డయల్ మీద ఉన్న ఒకటి, రెండు, మూడు అంకెలను అసలు నమ్మకండి. ఒకసారి కొలిచి, ఎక్కడ ఎంత వేడి వస్తుందో మార్కర్‌తో డయల్ పక్కనే గుర్తులు పెట్టుకోండి.

ఈ ఎడం తక్కువైతే వచ్చే నష్టం చదునైన చోట కనిపించదు. తోక దగ్గర కదిలే పలకలైన రడ్డరు, ఎలివేటరు, తిన్నని రెక్క మధ్య భాగం, వీటి మీద ఈ ఫిల్ము బ్రహ్మాండంగా కూర్చుంది. రెక్క కొసకు వచ్చేసరికి కథ మారిపోతుంది. దగ్గరగా చూపిస్తాను. ఈ కొస ముందు నుంచి వెనక్కీ వంపే, పై నుంచి కిందికీ వంపే. ఇలాంటి చోట ఫిల్మును ఎడమ చేత్తో లాగి పట్టుకుని, వేడి చేసి, వంపు మీదికి సాగదీసి, అలాగే పట్టుకుని చల్లారనిచ్చి, అప్పుడు అంచు అంటించాలి. ఈ ఫిల్ముతో అలా చేస్తే, ఇప్పుడు అంటిస్తున్న అంగుళం అంటుకునేలోపు పక్కన ఇంతకు ముందు అంటించిన అంగుళం ముడుచుకుంటూ జారుతుంది. జిగురు ఇంకా మెత్తగానే ఉంది కదా, దానికి ఆపే శక్తి లేదు. ఇదిగో, ఈ అంచున చీర కుచ్చిళ్ళలా నిలబడ్డాయి చూడండి. ఈ కుచ్చిళ్ళను ఐరన్‌తో నొక్కితే ఒకటి పోయి పక్కన రెండు లేస్తాయి. పక్కన ఉన్న ఈ రెండో కొస ఒరాకవర్‌తో కప్పింది. అదే చేయి, అదే ఐరన్, అదే బల్ల. ఒక్క ముడత చూపించండి.

దారి లేదా అంటే ఉంది. తడిపి పిండిన గుడ్డను ఇంతకు ముందు అంటించిన అంచు మీద వేసి పట్టుకుని, పక్క భాగాన్ని వేడి చేయాలి. తడి గుడ్డ కింద జిగురు చల్లగా గట్టిగా ఉంటుంది, జారదు. వేడి గాలి ఊదే హీట్ గన్ వాడేటప్పుడు ఏ ఫిల్ముకైనా ఈ ఉపాయం పనికొస్తుంది. ఇంకో దారి, కొసను వేరే ముక్కతో టోపీలా కప్పి, రెక్క ఫిల్ము మీదికి అర సెంటీమీటరు అతుకు వేయడం. రెండూ చేశాను, రెండూ పనిచేశాయి. కానీ ఒక కొసకు పట్టిన సమయంలో మామూలుగా నేను అర రెక్క కప్పేస్తాను. మూడు చేతులుంటే బాగుండేది.

దీనికి తోడు మన ఊరు. ఐరన్ పట్టుకున్నప్పుడు ఫ్యాను ఆపాలి. గాలికి ఫిల్ము లేచి తనకు తానే అంటుకుంటుంది, ఐరన్ అడుగు కూడా చల్లబడి లెక్క తప్పుతుంది. మే నెలలో, బెజవాడలో, ఫ్యాను ఆపి, చేతిలో వేడి ఐరన్. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు పెద్దలు. "ఇస్త్రీ చేసుకుంటే చేసుకో, ఆ ఫ్యాను ఎందుకు ఆపావురా?" అని మా అమ్మ గుమ్మంలో నిలబడి అడుగుతూనే ఉంటుంది. వినోదం అనుకోకండి, దీనివల్ల పనికీ నష్టమే. ముక్కు మీది నుంచి ఒక్క చెమట చుక్క బాల్సా షీటు మీద పడిందనుకోండి. చెక్క పీల్చుకుంటుంది, మీరు చూడరు. దాని మీద ఫిల్ము వేసి ఐరన్ పెట్టగానే తడి ఆవిరై బుడగ లేస్తుంది. సన్నని సూదితో గుచ్చి, గాలి పోనిచ్చి, మళ్ళీ ఐరన్‌తో అదమాలి. అందుకే నేను తెల్లవారుజామున చేస్తాను, నుదుటికి తువ్వాలు కట్టుకుని. తాంత్రికుడిలా ఉన్నావంటారు ఇంట్లో.

కొత్తగా వచ్చినవాళ్ళు ఒకటి అడుగుతుంటారు. ఇంట్లో ఉన్న ఇస్త్రీ పెట్టె పనికిరాదా అని. పనికొస్తుంది. నేను మొదలుపెట్టింది దానితోనే. అంతకు ముందు థర్మోకోల్ రెక్కల మీద రంగుల ప్యాకింగ్ టేపు చుట్టి ఎగరేసేవాళ్ళం, ఆ టేపు బరువుకు తోక కిందికి లాగేది. ఇస్త్రీ పెట్టెతో చదునైన చోట్లు హాయిగా చేయవచ్చు, మూలల్లోకి దూరదు, అంతే. అడుగుకు పలుచని నూలు గుడ్డ తొడిగితే గీతలు పడవు. మన కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి చెక్క బాల్సా బదులు వాడవచ్చా అని కూడా చాలామంది అడిగారు. చెక్కడానికి ఎంతో హాయిగా ఉండే చెక్క అది, తేలికే. కానీ ఈక్వడార్ నుంచి వచ్చే బాల్సా అంత తేలిక కాదు. బొమ్మకు చాలు, రెక్కకు చాలదు.

ఎండ పరీక్ష కూడా చేశాను. రెక్కను కారు వెనక సీటులో పెట్టి, అద్దాలు మూసి, మిట్టమధ్యాహ్నం ఎండలో వదిలాను. మన ఎండలో కారు లోపల 60 డిగ్రీలు సులువుగా దాటుతుంది. తీసి చూస్తే ఎరుపు చెక్కుచెదరలేదు. తెలుపూ అంతే. ముదురు నీలం మాత్రం రిబ్బుల మధ్య వదులైంది. ముదురు రంగు వేడిని ఎక్కువ పీల్చుకుంటుంది, మూసిన రెక్కలో గాలి వ్యాకోచించి లోపలి నుంచి నెడుతుంది, అంచున జిగురు కాస్త మెత్తబడితే చాలు, ఫిల్ము జరుగుతుంది. ఒకసారి ఐరన్ తిప్పితే మళ్ళీ బిగిసింది. కవరింగుకు ముందే ప్రతి రిబ్బుకూ చిన్న రంధ్రం పెట్టి, గాలి పోవడానికి దారి చేసుకుంటే ఈ బాధ సగం తగ్గుతుంది. వానాకాలంలో తేమకు బాల్సా ఉబ్బి, తరువాత ఆరి, మళ్ళీ ముడతలు రావడం వేరే కథ, దానికి ఏ కంపెనీనీ తిట్టలేం.

ఎగురవేసి చూశారా అంటే, చూశాను. గుంటూరు వైపు, కోతలైపోయిన పొలాల్లో. గన్నవరం విమానాశ్రయం చుట్టుపక్కల ఎవరూ ప్రయత్నించకండి, వెళ్ళే ముందు ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో మీ చోటు ఏ రంగులో ఉందో చూసుకోండి. సాయంత్రం ఎండ వెనక నుంచి పడుతుంటే ఆ ఎర్రని రెక్క తల మీదుగా తిరిగినప్పుడు నేను పది డిగ్రీల సంగతి మరిచిపోయానని ఒప్పుకోవాలి. కానీ పారదర్శకమైన రెక్క దూరం పోయాక పైభాగం ఏదో కింది భాగం ఏదో తెలియదు. అందుకే కింది వైపు నీలం పట్టీలు వేశాను. ఎప్పుడూ కింది భాగం ముందు కప్పి, పై భాగం తరువాత కప్పండి. అతుకు కింది వైపుకు పోతుంది, పై నుంచి కనిపించదు. ఇంకొకటి, బిగించేటప్పుడు రెక్కను మెలిపడనివ్వకండి. ఒక పక్క ఎక్కువ బిగిస్తే రెక్క మొత్తం మెలి తిరుగుతుంది, విమానం చేయి వదలగానే ఒక పక్కకు వాలుతుంది. బల్ల మీద చదునుగా పెట్టి, బరువు ఉంచి, రెండు వైపులా మార్చి మార్చి బిగించండి.

సరే, కొనాలా వద్దా? లక్షణాల పట్టిక పెట్టి మార్కులు వేస్తే ఈ ఫిల్ము మంచి మార్కులతోనే పాసవుతుంది. రంగు ఉంది, రక్షణ పొర ఉంది, చదును మీద పట్టు ఉంది. దుకాణం వాళ్ళు అనుకుంటున్న ధర కూడా పరవాలేదు. అయినా నా జేబులోంచి డబ్బు తీసి కొనను. ఆ రెక్క కొసతో పడిన యాతన ఇంకా చేతుల్లోనే ఉంది, నా రివ్యూలో న్యాయం అంటూ ఉంటే అది నా వేళ్ళు చెప్పిందే. దుకాణం వారికి నేను రాసి పంపింది ఒక్కటే మాట. తయారీదారుతో మాట్లాడి 100 దగ్గరే పట్టే జిగురు వేయించండి, రంగును మాత్రం ముట్టుకోకండి. అది జరిగితే మొదటి రోలు నేనే కొంటాను, ఉచితంగా పంపవద్దు.

మిగిలిన ఫిల్ము కానూరు వైపు ఇంజనీరింగు చదువుకునే కుర్రాళ్ళకు ఇచ్చేస్తున్నాను. ఎస్ఏఈ ఇండియా అనే ఇంజనీర్ల సంఘం పెట్టే ఏరో డిజైన్ పోటీకి బరువులు మోసే విమానం కడుతున్నారు. వాళ్ళ రెక్క పలకలాగా దీర్ఘచతురస్రం, కొసల్లో ఒక్క వంపు లేదు. బాబూ, ఆదివారం పొద్దున్నే రండి, మీ ఐరన్ కూడా తెచ్చుకోండి. ముందు దాని వేడి కొలిచాకే రోలు చేతికిస్తాను.